జముకు పాటకు ఎంత తీగ చాలు?

పోయిన శనివారం మధ్యాహ్నం మాకవరపాలెం నుంచి ఓ కుర్రాడు బండి మీద మా షాపుకు వచ్చాడు. వాళ్ల నాన్నా నేనూ ఒకప్పుడు కలిసి పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టినవాళ్లం. అందుకని నన్ను బాబాయ్ అంటాడు. ఫోన్‌లో రెండు లాప్‌టాప్‌లు చూపించాడు. ప్రాసెసర్ దాదాపు ఒకటే, ర్యామ్ ఒకటే. ఒకదానికి థండర్‌బోల్ట్ పోర్టు ఉంది, రెండోదానికి లేదు. తేడా ముప్పై వేలు.

"రికార్డింగుకి థండర్‌బోల్టే ఉండాలంట కదా బాబాయ్. వీడియోల్లో అందరూ అదే సెప్తన్నారు. అప్పు సేసైనా అదే తీసీసుకుందావనుకుంటన్నాను" అన్నాడు.

ఏం రికార్డు చేస్తావురా అని అడిగాను. వాళ్ల ఊరి భజన బృందం. ఇద్దరు పాడతారు, ఒక హార్మోనియం, ఒక డోలక్, తాళాలు. గట్టిగా లెక్కేస్తే నాలుగు మైకులు. నాలుగు మైకుల కోసం ఆ పిల్లాడు ముప్పై వేలు అప్పు చేయబోతున్నాడు. ఇలా అడుగుతూ వచ్చినవాళ్లలో ఈ ఏడాది అతను ఆరోవాడు. ఈ వ్యాసం వాళ్ల కోసం, వాళ్లకు డబ్బులిచ్చే అమ్మానాన్నల కోసం.

ముందు లెక్క చెబుతాను. షాపులో బిల్లు వెనక పెన్నుతో వేసి అతనికి చూపించిన లెక్కే ఇది. మైకులోంచి వచ్చిన శబ్దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె అంకెలుగా మారుస్తుంది. సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతకు 24 బిట్లు. గుణిస్తే ఒక మైకుకు సెకనుకు 11 లక్షల 52 వేల బిట్లు. ఎనిమిది మైకులు పెట్టినా కోటి బిట్లు దాటవు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 తీగ సెకనుకు 48 కోట్ల బిట్లు మోస్తుందని కాగితం మీద ఉంది. పనిలోకి దిగితే అంతా దొరకదు, సగమే దొరికిందనుకుందాం. 24 కోట్లు మోయగల తీగలో మన ఎనిమిది మైకులు కోటి కూడా వాడవు. థండర్‌బోల్ట్ 3 అయితే 4,000 కోట్ల బిట్లు మోస్తుంది. తాండవ కాలువ నీళ్లన్నీ మళ్లించి ఒక్క పెరటి బీరపాదుకు పెట్టినట్టుంటుంది.

ఇక్కడ పిల్లల్ని తికమక పెడుతున్నది పోర్టు ఆకారం. టైప్-సి అనే ఆ చిన్న గుండ్రటి కన్నం 2014లో వచ్చింది. ఆ ఒక్క కన్నంలోంచే యూఎస్‌బీ 2.0 రావచ్చు, 3 రావచ్చు, థండర్‌బోల్ట్ రావచ్చు, కొన్ని చోట్ల ఛార్జింగు తప్ప మరేమీ రాకపోవచ్చు. కన్నం కొత్తది కాబట్టి లోపలంతా కొత్తదే అనుకుంటున్నారు. ప్రపంచమంతటా ఇళ్లలో వాడుతున్న స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్‌నే తీసుకోండి. ఫోకస్‌రైట్ వాళ్లు 2019లో తెచ్చిన మూడో తరానికి టైప్-సి కన్నం పెట్టారు, లోపల మాత్రం యూఎస్‌బీ 2.0నే ఉంచారు. రెండు మైకుల పెట్టెకు అంతకు మించి అవసరం లేదని తయారుచేసినవాళ్లకు తెలుసు. కొనే మనకే ఎవరూ చెప్పడం లేదు.

థండర్‌బోల్ట్ ఎవరికీ అక్కర్లేదని నేను అనను. ముప్ఫై నలభై వాయిద్యాలను ఒకేసారి పట్టే సినిమా స్టూడియోలకు, మిక్సింగు పనిలో కొంత ఇంటర్‌ఫేస్ మీదే నడిపించేవాళ్లకు, గాయకుడి గొంతును ఎఫెక్టులతో సహా క్షణం ఆలస్యం లేకుండా చెవిలో వినిపించాల్సినవాళ్లకు అది పనికొస్తుంది. వాళ్లు కొనుక్కోవాలి. నర్సీపట్నం, గొలుగొండ, నాతవరం, రోలుగుంట మండలాల్లో నా దగ్గరికి వచ్చినవాళ్లలో అంత పని ఉన్నవాళ్లను ఇంతవరకు చూడలేదు.

"ముందుముందు పనికొస్తుంది కదా" అనే మాట కూడా వింటుంటాను. దానికి నా దగ్గర ఒక పాత కథ ఉంది. 2008లో హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ ఇంటర్‌ఫేస్ కొన్నాను. దాని కనెక్షన్ ఫైర్‌వైర్. ఆ రోజుల్లో రికార్డింగు తెలిసినవాళ్లంతా ఫైర్‌వైరే గొప్పదనేవారు, అందులో అబద్ధమేమీ లేదు. యూఎస్‌బీ కంటే నిబ్బరంగా పనిచేసేది. 1995లో ప్రమాణంగా వచ్చింది, 2003లో దాని రెండింతల వేగం రకం వచ్చింది. నాలుగేళ్లు బాగా వాడాను. తర్వాత లాప్‌టాప్ పాడైంది. కొత్తది కొందామని విశాఖలో డాబాగార్డెన్స్ నుంచి ఆశీలుమెట్ట దాకా షాపు షాపూ తిరిగితే, నా బడ్జెట్‌లో ఆ పోర్టు ఉన్న లాప్‌టాప్ ఒక్కటీ దొరకలేదు. ఆపిల్ కూడా మెల్లగా దాన్ని వదిలేసింది. 2025లో వచ్చిన మాక్ ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌కు చోటే లేదు. నా పెట్టె ఇప్పటికీ బాగానే ఉంది, అటక మీద. దాన్ని పలకరించే లాప్‌టాప్ లేదు. అదే కాలంలో ఓ మిత్రుడు కొన్న మామూలు యూఎస్‌బీ పెట్టె ఈరోజు కొత్త లాప్‌టాప్‌కు తగిలించినా పాడుతుంది. ఎక్కువమంది ఇళ్లలో ఉండే పోర్టే ఎక్కువ కాలం బతుకుతుందని నాకు ఆ అటక మీది పెట్టె చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. తీగ వేగం సరిపోతే మరి రికార్డింగులు ఎందుకు చెడిపోతాయి? నాది ఎలా చెడిపోయిందో చెబుతాను.

2013లో కృష్ణాదేవిపేట దాటాక ఒక ఊళ్లో అమ్మవారి పండగ. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణాదేవిపేటే. ఆ ఊళ్లో మూడేళ్లకోసారి పండగ చేస్తారు. రాత్రంతా జముకుల కథ. జముకు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: ఒక గుండ్రటి డొల్ల, దానికి ఒక పక్క తోలు బిగించి ఉంటుంది, తోలు మధ్యలోంచి ఒక నరం తీగ. డొల్లను చంకలో ఇరికించుకుని, తీగను ఒక చేత్తో బిగబట్టి రెండో చేత్తో మీటుతారు. బిగువు మారేకొద్దీ శబ్దం సాగుతుంది, కుంగుతుంది, మూలుగుతుంది. మన ఉత్తరాంధ్ర నేలలోంచి పుట్టిన శబ్దం అది. ఆ ఊళ్లో కథ చెప్పే తాత తెల్లవారుజామున అమ్మవారిని పిలిచే ఘట్టం పాడతాడని, అది వేరే ఎవరికీ రాదని విని వెళ్లాను. కొత్తగా కొన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, నాలుగు మైకులు, లాప్‌టాప్. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లారేదాకా పట్టాను. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకునే కూర్చున్నాను. ఎక్కడా ఒక్క లోపం వినపడలేదు. తాత గొంతు, వంత పాడే అతని గొంతు, జముకు, అన్నీ అద్దంలో చూసినట్టు వినిపించాయి.

ఇంటికొచ్చి స్పీకర్లలో పెట్టాను. పది సెకన్లకోసారి టక్‌మని చప్పుడు. ఒక్కోసారి జముకు మూలుగు మధ్యలో తెగి, మళ్లీ అతుక్కుంది. అమ్మవారిని పిలిచే ఘట్టంలో ఎన్ని టక్కులున్నాయో లెక్కపెట్టి, మధ్యలో ఆపేశాను.

వారం తర్వాత తాత దగ్గరికి వెళ్లి, ఆ ముక్క ఒక్కటీ మళ్లీ పాడమని అడిగాను. ఆయన కోప్పడలేదు. పక్కనున్న ఆయన భార్యే అంది: "ఓలబ్బాయ్, అది ఎప్పుడు పడితే అప్పుడు పాడీదేటి? అమ్మోరికి కోపం వచ్చేత్తాది. మళ్లీ పండక్కి రా."

మళ్లీ పండగంటే మూడేళ్లు.

ఆ మూడేళ్లలో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసంలో పనికొచ్చే భాగం. మున్సిపల్ పంపు దగ్గర బిందెలు పట్టడం ఊహించుకోండి. ఇంటర్‌ఫేస్ తన కొలతల్ని ఒక్కొక్కటిగా పంపదు, ఓ 128 పోగయ్యాక ఒక బిందెగా లాప్‌టాప్‌కు అందిస్తుంది. అంటే సెకనుకు 375 బిందెలు. ఒక బిందె నిండేలోపు లాప్‌టాప్ ముందు బిందెను తీసి పక్కన పెట్టాలి. పంపులో నీళ్లు ఎప్పుడూ ఆగవు. లాప్‌టాప్ ఒక్క క్షణం పక్కకు చూసిందంటే బిందె పొర్లిపోతుంది. ఆ పొర్లిన నీళ్లే మనకు వినిపించే టక్కు. పంపు సన్నదై ఎప్పుడూ పాట చెడలేదు. బిందె తీయాల్సిన మనిషి పరధ్యానంలో ఉండి చెడింది.

నా లాప్‌టాప్ ఆ రాత్రి ఎటు చూసింది? వైఫై వైపు. ఆ పల్లెలో సిగ్నల్ లేక, అది క్షణక్షణం వెతుకుతూనే ఉంది. వైఫై డ్రైవర్ ప్రాసెసర్‌ను అటు లాగుతుంటే ఇటు బిందెలు పొర్లాయి. ఏ డ్రైవర్ ఎంతసేపు ప్రాసెసర్‌ను పట్టి ఉంచుతుందో చూపించే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం నడిపి చూశాక ఇది బయటపడింది. దానికితోడు ఇంటర్‌ఫేస్‌ను, మౌస్‌ను, పెన్‌డ్రైవ్‌ను కలిపి ఒకే యూఎస్‌బీ హబ్‌కు తగిలించాను. బ్యాటరీ ఆదా అవుతుందని లాప్‌టాప్ తనంతట తాను ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటూ పెంచుకుంటూ ఉంది. మూడు తప్పులూ నావే, మూడూ ఉచితంగా సరిచేయగలిగినవే. వైఫై, బ్లూటూత్ కట్టేయాలి. పవర్ సెట్టింగును పూర్తి సామర్థ్యానికి మార్చాలి. ఇంటర్‌ఫేస్‌ను నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చాలి.

మరి హెడ్‌ఫోన్లలో ఎందుకు వినపడలేదు? చాలా ఇంటర్‌ఫేస్‌లకు డైరెక్ట్ మానిటరింగ్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మైకు శబ్దం లాప్‌టాప్ దాకా పోకుండానే నేరుగా మన చెవికి వస్తుంది. పాడేవాళ్లకు అది వరం, ఆలస్యం ఉండదు. కానీ నేను ఆ రాత్రంతా విన్నది పంపులో నీళ్ల శబ్దం. బిందెలోకి ఎన్ని పడ్డాయో నా చెవికి తెలిసే దారే లేదు. అందుకే ఇప్పుడు ఎక్కడికెళ్లినా, పాట మొదలవకముందు పది నిమిషాలు ఊరికే పట్టి, ఆ ఫైలును ఆపి, వెనక్కి తిప్పి వింటాను. మీరు ఏ లాప్‌టాప్ కొన్నా సరే, ఈ పది నిమిషాలు వదలొద్దు.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. 128కి బదులు 512 కొలతల బిందె పెట్టుకుంటే లాప్‌టాప్‌కు తీరిక దొరుకుతుంది, టక్కులు తగ్గుతాయి. కానీ పాడేవాళ్లు లాప్‌టాప్‌లోంచి తిరిగొచ్చిన తమ గొంతును వింటుంటే అది పోతూ వస్తూ కలిపి 21 మిల్లీసెకన్లకు పైగా వెనకబడుతుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే తన గొంతు ఏడు మీటర్ల అవతల, వాకిలి చివర నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. తాళం తప్పుతుంది, శ్రుతి జారుతుంది, పాపం పాడేవాళ్లు తప్పు తమదే అనుకుంటారు. డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉన్న పెట్టె కొంటే ఈ బాధే లేదు, బిందె ఎంత పెద్దది పెట్టుకున్నా పర్వాలేదు. ఈ పనికి బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం అసలు పనికిరావు. వాటి ఆలస్యం మామూలుగా సెకనులో పదో వంతుకు పైనే ఉంటుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లే వాడండి.

కరెంటు సంగతికి వస్తే, మా పాత మైకుసెట్టు వాళ్లకు తెలిసినంతగా కంప్యూటర్ కుర్రాళ్లకు తెలియదనిపిస్తుంది. నేను మా నాన్న దగ్గర అహూజా ఆంప్లిఫయర్లు మోస్తూ పని నేర్చుకున్నాను. ఆయన ఏ ఊరికెళ్లినా ముందు ఎర్తు చూసేవాడు. ఎర్తు సరిగా లేకపోతే హారన్లలో గుయ్ మనే రొద. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ రొద 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపుల దగ్గర మొదలవుతుంది. లాప్‌టాప్ ఛార్జర్ గుచ్చగానే అదే రొద ఇంటర్‌ఫేస్‌లోకి దిగడం ఎన్నోసార్లు చూశాను. మామూలు పాటలో దాన్ని తర్వాత ఫిల్టర్‌తో కోసేయొచ్చు. జముకు పాటలో కుదరదు. జముకు కింది స్వరాలు ఆ రొద పక్కనే కూర్చుంటాయి. రొద కోస్తే మూలుగూ పోతుంది. మందు ఒక్కటే: పట్టేంతసేపు ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపడం. చవక ఇన్వర్టర్ మీద నడపడం కంటే కూడా ఇదే నయం.

కాబట్టి లాప్‌టాప్ కొనేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న బ్యాటరీ గురించి. ఛార్జర్ లేకుండా, ఇంటర్‌ఫేస్‌కూ కరెంటు ఇస్తూ, మూడు గంటలు నిలబడుతుందా? యూఎస్‌బీ 2.0 పోర్టు అయిదు వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు ఇస్తుంది. చిన్న ఇంటర్‌ఫేస్ ఆ కాస్తతోనే నడిచి, కండెన్సర్ మైకులకు కావలసిన 48 వోల్టులూ పుట్టిస్తుంది. కొయ్యూరు, చింతపల్లి వైపు కొండల్లో పనిచేసేవాళ్లకు విడిగా అడాప్టర్ అడిగే పెట్టె బరువే. రెండో ప్రశ్న ఫ్యాను గురించి. వేసవిలో మన గదుల్లో లాప్‌టాప్ ఫ్యాను తిరుగుడు మైకులోకి వచ్చేస్తుంది. గేములాడే లాప్‌టాప్‌లు కొని ఇలా ఇబ్బంది పడ్డవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. మూడోది ఎస్‌ఎస్‌డీ. నాలుగు మైకులు గంటకు రెండు జీబీ చిల్లర రాస్తాయి, అంతే. స్థలం పెద్ద సమస్య కాదు, కానీ ఎస్‌ఎస్‌డీ చప్పుడు చేయదు, బండి కుదుపులకు చెడదు.

ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు అడగాల్సింది వేరు. విండోస్‌లో రికార్డింగు ప్రోగ్రాములు ఆసియో అనే దారిలో ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడతాయి. 1997లో స్టైన్‌బర్గ్ వాళ్లు పెట్టిన దారి అది. ఆ దారి మీద నడిచే డ్రైవర్‌ను మామూలుగా ఇంటర్‌ఫేస్ చేసినవాళ్లే రాసి ఇస్తారు. కొనేముందు ఆ కంపెనీ సైటుకెళ్లి, వాళ్లు అయిదేళ్ల కిందట అమ్మిన పెట్టెకు ఇప్పుడు కూడా కొత్త డ్రైవర్ ఇస్తున్నారో లేదో చూడండి. ఇస్తుంటే కొనండి. ఇవ్వకపోతే రేపు మీ పెట్టెనూ అలాగే వదిలేస్తారు. ప్రకటనల్లో రాసే వేగాలన్నిటికంటే ఈ ఒక్క సంగతికే నేను ఎక్కువ విలువిస్తాను.

డ్రైవర్ అక్కర్లేకుండానే పనిచేసే పెట్టెలు ఉన్నాయి. క్లాస్ కంప్లయింట్ అంటారు. మాక్‌కు, లినక్స్‌కు తగిలిస్తే వెంటనే పలుకుతాయి, టైప్-సి ఉన్న చాలా ఫోన్లకు కూడా. పేద పిల్లలకు ఇది పెద్ద సంగతి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్లలో, ఆఫీసుల్లో మూలన పడుతున్నాయి. వాటిలో ఒకటి తెచ్చి, ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కించి, ఆర్డర్ అనే రికార్డింగు ప్రోగ్రాం పెట్టి, క్లాస్ కంప్లయింట్ పెట్టె తగిలిస్తే నాలుగు మైకుల పాట హాయిగా పట్టవచ్చు. పెదబొడ్డేపల్లిలో ఒక ప్రార్థనా బృందానికి నేనే అలా కట్టిచ్చాను. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం పాటలు పడుతున్నారు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలని మాకవరపాలెం కుర్రాడు అడిగాడు. మంచి మైకులకు పెట్టు, గట్టి స్టాండ్లకు పెట్టు, నాణ్యమైన యూఎస్‌బీ తీగలు రెండు కొనుక్కో అన్నాను. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగలు అచ్చం వాటిలాగే ఉంటాయి, చూసి తీసుకోమన్నాను. గది గోడలకు మీ అమ్మమ్మ కుట్టిన బొంతలు వేలాడదీయి, ప్రతిధ్వని తగ్గుతుంది, వాటికి ఖర్చు లేదు అన్నాను. ముప్పై వేలు అప్పు చేయకుండా వెనక్కి వెళ్లాడు. అదే నాకు ఆ రోజు దక్కిన లాభం.

నేను ఈ చిన్న పెట్టెల గురించి ఇంతగా ఎందుకు పట్టించుకుంటున్నానో కూడా చెప్పాలి. మన జానపద పాటలను సేకరించిన పెద్దలు ఉన్నారు. నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నారు. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేటు తీసుకున్నారు. వాళ్ల చేతిలో కాగితం, కలం ఉన్నాయి. పాటలోని మాటలు పుస్తకాల్లోకి ఎక్కాయి, వరసలు చాలావరకు పాడినవాళ్లతోనే వెళ్లిపోయాయి. 1933లో అమెరికాలో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ జానపద పాటల కోసం తిరిగినప్పుడు కారు డిక్కీలో వేసుకున్న రికార్డింగు యంత్రం బరువు 315 పౌండ్లు, అంటే 140 కిలోలకు పైనే. మన కుర్రాడి స్కూలు సంచిలో ఇప్పుడు అంతకంటే మంచి స్టూడియో పడుతుంది. పరికరం లేదు అనే సాకు మనకు ఇక లేదు. ఉన్న డబ్బును అక్కర్లేని చోట పోసి, ఉన్న పరికరాన్ని సరిగా వాడడం రాక పాట పోగొట్టుకుంటే మాత్రం ఆ తప్పు మనదే.

అందుకే కాలేజీల వాళ్లను, గ్రంథాలయాల వాళ్లను, పాడేరు ఐటీడీఏ పెద్దలను అడుగుతున్నాను. ఒక్కో చోట ఒక్క సంచి పెట్టండి. అందులో ఒక మామూలు లాప్‌టాప్, నాలుగు మైకుల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఒకటి, నాలుగు మైకులు, స్టాండ్లు, రెండు జతల తీగ హెడ్‌ఫోన్లు. కాలేజీలో ఒక కంప్యూటర్ ల్యాబుకు పెట్టే ఖర్చులో ఇది చిన్న ముక్క. పుస్తకం అరువిచ్చినట్టు, పేరు రాసుకుని విద్యార్థికి ఇవ్వండి. తన ఊళ్లో పాట పట్టుకొచ్చి, ఒక కాపీ గ్రంథాలయంలో పెట్టి, సంచి తిరిగి ఇస్తాడు. ఊడుపు పాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు, థింసా వాయిద్యాలు, జముకుల కథలు, ఎన్ని ఉన్నాయో మనకే తెలియదు. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ ఆ ఫైలుతోపాటే రాయించండి, వాళ్లు వద్దన్న పాటను బయట పెట్టకుండా ఒక నియమం పెట్టండి. ఎలా వాడాలో నేర్పడానికి మనిషి దొరకడంటే, నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో అడగండి, మా షాపు చూపిస్తారు. డబ్బు తీసుకోకుండా వచ్చి నేర్పుతాను.

2016లో ఆ ఊరి పండక్కి మళ్లీ వెళ్లాను. వైఫై కట్టేసి, ఛార్జర్ తీసేసి, హబ్ ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. ముందు పది నిమిషాలు పట్టి విన్నాను. రాత్రి మధ్యలో ఒకసారి ఆపి ఛార్జింగు పెట్టుకున్నాను. తెల్లవారుజామున తాత అమ్మవారిని పిలిచాడు. ఇంటికొచ్చి వింటే ఒక్క టక్కు కూడా లేదు. తాత గొంతు మూడేళ్ల కిందటిలాగే ఉంది. వంత మాత్రం మారింది. మొదటిసారి పాడినాయన అప్పటికి హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు, కొత్త కుర్రాడికి వరస ఇంకా పూర్తిగా రాలేదు. వాళ్లిద్దరూ కలిసి పాడినది నా దగ్గర ఇప్పటికీ ఆ టక్కుల ఫైలులోనే ఉంది.

మీ ఊళ్లో జముకు పట్టే మనిషి ఉంటే, ఆయన వచ్చే పండగ ఎప్పుడో ఇవాళే కనుక్కోండి.